నాన్న మంచం దగ్గర పాపాలు వెతకొద్దు

మొన్న ఆదివారం ఆరాధన అయ్యాక ఒక పెద్దాయన నాన్నను చూడ్డానికి ఇంటికి వచ్చారు. ప్రార్థన చేశారు. వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, "ఇంట్లో ఒప్పుకోని పాపం ఏదైనా ఉందేమో చూసుకోమ్మా" అన్నారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. కవిటి, కంచిలి, సోంపేట, వజ్రపుకొత్తూరు వైపు మా చుట్టాల్లో కిడ్నీ జబ్బు తొంగిచూడని ఇల్లు తక్కువ. షుగరు, బీపీ లేనివాళ్లకు కూడా వస్తుంది. నీళ్లలో సిలికా అన్నారు, పురుగుమందులన్నారు, ఎండలో పని అన్నారు, వంశపారంపర్యం అన్నారు. ఏళ్ల తరబడి మా నీళ్లూ మట్టీ రక్తమూ పట్టుకెళ్లి పరీక్షిస్తూనే ఉన్నారు. ఇదే కారణమని ఇప్పటికీ ఖాయంగా తేలలేదు. అలాంటిదాన్ని పది నిమిషాలు కూర్చుని మా నాన్న పాపం మీదికి నెట్టేయడానికి మనసెలా వస్తుంది? ఇన్ని ఊళ్లవాళ్లూ కలిసి ఏం పాపం చేశారు?

నాన్నకు వారానికి మూడుసార్లు డయాలసిస్. పోయిన ప్రతిసారీ నాలుగు గంటలు. డయాలసిస్ కోసం రక్తనాళాలు కలిపి ఫిస్టులా పెట్టిన ఎడమచేతి మీద చెవి ఆనిస్తే లోపల హోరు వినిపిస్తుంది, దూరంగా సముద్రం ఉన్నట్టు. తాగే నీళ్లు కొలత ప్రకారమే. పొటాషియం ఎక్కువని కొబ్బరినీళ్లు ముట్టకూడదు. జీవితమంతా కొబ్బరిచెట్ల కింద బతికిన మనిషి ఆయన.

బైబిల్లో యోబు కథ మనందరికీ తెలుసు. ఏ తప్పూ చేయకుండానే ఆస్తీ పిల్లలూ ఆరోగ్యమూ పోగొట్టుకున్న మనిషి. ఆయన కష్టం విని వచ్చిన ముగ్గురు స్నేహితులు మొదట ఏడు పగళ్లు, ఏడు రాత్రులు ఆయనతోపాటు నేల మీద కూర్చున్నారు. ఒక్క మాటా మాట్లాడలేదు. వాళ్లు చేసిన మంచిపని అదొక్కటే అనిపిస్తుంది నాకు. నోరు తెరిచాక అంతా తప్పు పట్టడమే. నువ్వేదో చేసి ఉంటావు, లేకపోతే ఇలా ఎందుకవుతుంది అని. యోబు మాత్రం పుట్టిన రోజును శపించాడు, దేవుణ్ణి నిలదీశాడు. చివరికి దేవుడు సుడిగాలిలోంచి మాట్లాడాడు గానీ, ఎందుకిలా చేశాడో మాత్రం చెప్పలేదు. భూమికి పునాది వేసినప్పుడు నువ్వెక్కడున్నావని అడిగాడు. కోపం మాత్రం ఆ స్నేహితుల మీద వచ్చింది, నా గురించి మీరు సరిగ్గా మాట్లాడలేదని. దేవుడి తరఫున వకాల్తా పుచ్చుకున్నవాళ్లు వాళ్లే మరి!

2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చింది. తెల్లారాక చూస్తే మా తోటలో సగం చెట్లు వేళ్లతో సహా పడి ఉన్నాయి. నాన్న ఒక మొద్దు మీద కూర్చుని, "ఎందుకో ఆయనకే తెలియాలి" అన్నారు. అన్న తరవాత చాలాసేపు ఏడ్చారు. మరుసటి ఏడాది మొక్కలు తెచ్చి నాటారు. ఇప్పుడు అవి కాస్తున్నాయి, బొండాలు దింపినరోజు నాన్న ఒక్కొక్కటీ చేత్తో తడిమి చూసి అందరికీ పంచుతారు.

విశ్వాసం అంటే నాకు తెలిసింది ఇంతే. జవాబు దొరక్కపోయినా నాన్న ప్రార్థన మానలేదు. నేనూ మానలేదు. నా ప్రార్థనలో సగం గొడవే ఉంటుంది, అరుస్తాను కూడా. వినేవాడు ఉన్నాడన్న నమ్మకం లేకపోతే ఎవరి మీద అరుస్తాను? ఆయన దారులు నాకు అర్థం కావు, అయినా ఆయన్ని వదిలి ఎక్కడికి పోను? కానీ దేవుడే చెప్పని కారణాన్ని ఆయన పేరు మీద నాకు చెప్పకండి. రోగి పక్కన అసలే చెప్పకండి.

మా వెనకింటి పెద్దమ్మ గుడికి వెళ్తుంది, మా చర్చికి రాదు. డయాలసిస్ అయి వచ్చిన సాయంత్రం నాన్న వణుకుతూ పడుకుంటే, కొబ్బరాకులు తెచ్చుకుని మంచం పక్కన నేల మీద కూర్చుని ఈనెలు తీస్తుంది. ఏమీ మాట్లాడదు. చీపురు కట్ట పూర్తయ్యేసరికి నాన్న నిద్రపోతారు. అప్పుడు లేచి, "వస్తానమ్మా" అని వెళ్తుంది.