సూదిబెజ్జం వెడల్పు చేయాలని ఒక విన్నపం

మా సంఘంలో బైబిలును అక్షరాలా నమ్ముతాం. లోకం ఆరు రోజుల్లో తయారైందంటే ఆరు రోజులే, ఒక పూట కూడా అటూ ఇటూ చెయ్యం. యోనా మూడు రోజులు చేప కడుపులో ఉన్నాడంటే ఉన్నాడు, అంతే. ఒక్క మత్తయి సువార్త 19వ అధ్యాయం 24వ వచనం దగ్గరికి వచ్చేసరికి మాత్రం మాకు ఎక్కడలేని భాషాజ్ఞానం పుట్టుకొస్తుంది. ధనవంతుడు దేవుని రాజ్యంలోకి వెళ్లడం కంటే ఒంటె సూదిబెజ్జంలో దూరడం సులభమని ప్రభువు అన్న చోటు అది. అది అలంకారమని మా కమిటీ ఏకగ్రీవంగా తేల్చింది. మా కమిటీ ఏకగ్రీవంగా తేల్చిన సంగతి ఇదొక్కటే.

ఆ మాటను కాస్త సడలించాలని చూసినవాళ్లలో మేమే మొదటివాళ్లం కాదు. అయిదో శతాబ్దంలోనే అలెగ్జాండ్రియా సిరిల్, అది ఒంటె కాదు, ఓడ తాడు అన్నాడు. గ్రీకులో ఆ రెండు మాటలకూ ఒక్క అక్షరమే తేడా. తాడైనా సూదిలో ఎలా దూరుతుందని మా సండే స్కూల్లో ఒక పిల్లాడు అడిగాడు. వాణ్ణి మంచినీళ్లు తెమ్మని బయటికి పంపాం.

ఇంకో వివరణ ఉంది. యెరూషలేము గోడకు 'సూదిబెజ్జం' అనే చిన్న గుమ్మం ఉండేదట. రాత్రి పెద్ద ద్వారాలు మూశాక ఒంటె మోకాళ్లమీద అందులోంచి దూరేదట. అలాంటి గుమ్మం ఉన్నట్టు ఆధారమేమీ లేదని పండితులంటారు. అయినా మా పాస్టరుగారు ఏటా చెబుతారు, మేం ఏటా 'ఆమెన్' అంటాం. కాకపోతే ఆ కథలోనూ ఒంటె వీపు మీది మూటలు దించితేనే దూరుతుంది. ఆ ఒక్క ముక్కా వదిలేసి చెప్పమని ఆయన్ను వినయంగా కోరాను.

ఇంత తంటా పడే బదులు బెజ్జాన్నే వెడల్పు చేస్తే పోలేదా? ఊళ్లో రోడ్లు వెడల్పు చెయ్యడం లేదా? కొలతలు తీసి, ఎర్ర రంగుతో మార్కింగ్ వేసి, రెండు వైపులా పని మొదలుపెట్టడమే. ముందుగా గుడిసెలు పోతాయి. వాళ్లకు అలవాటే. పైగా బీదలు ధన్యులని రాసి ఉండనే ఉంది.

అసలు తప్పంతా ప్రభువు చేత ఆ ఒంటె మాట అనిపించిన ఆస్తిపరుడైన యువకుడిది. నిత్యజీవానికి వారసుణ్ణి కావాలంటే ఏం చెయ్యాలని అడిగాడు. వారసత్వం అన్నాడు చూడండి, ఆస్తి ఉన్నవాడి భాష అది! ఉన్నదంతా అమ్మి బీదలకిచ్చి రమ్మన్నాక బేరమాడాలి కదా. ముఖం చిన్నబుచ్చుకుని వెళ్లిపోయాడు. మేం అలా కాదు. అదే వాక్యం విని నవ్వుతూ వెళ్లి బిర్యానీ తింటాం. మూడో శతాబ్దంలో ఈజిప్టులో ఆంథొనీ అనే కుర్రాడు గుడిలో ఇదే వాక్యం విని, తిన్నగా వెళ్లి పొలమంతా ఊరివాళ్లకిచ్చేశాడు. అందుకే ఈ భాగం చదివే ఆదివారం పెళ్లికావలసిన మగపిల్లల్ని ముందు వరుసలో కూర్చోబెట్టకూడదని నా సలహా.

ప్రభువును చూడ్డానికి మేడిచెట్టెక్కిన పన్నుల అధికారి జక్కయ్య, దిగాక సగం ఆస్తి బీదలకిస్తానన్నాడు, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగిస్తానన్నాడు. మేం పిల్లలకు మేడిచెట్టు ఎక్కడం, దిగడం వరకు యాక్షన్ సాంగ్‌గా నేర్పుతాం. తర్వాతి సంగతి ఎత్తితే ప్లాట్ల వ్యాపారంలో ఉన్న సహోదరులకు బీపీ పెరుగుతుంది. మార్కు సువార్త 10వ అధ్యాయంలో 'నూరంతలు' అనే మాట ఉంది కదా, మా క్యాలెండరు మీద పెద్ద అక్షరాల్లో వేయించాం. దాని పక్కనే 'హింసలతో పాటు' అని కూడా ఉంది. చోటు చాలలేదు.

కానుకపెట్టె వెనక గోడ మీద మలాకీ 3:10 రాయించాం, దశమభాగం తెమ్మని. మూడో ఏటి దశమభాగం పరదేశులూ తండ్రిలేని పిల్లలూ విధవరాండ్రూ తిని తృప్తి పొందాలని ద్వితీయోపదేశకాండం 14లో ఉంది. ఆ గోడ మీద ఇప్పుడు ఏసీ ఉంది.

ఒంగోలు మిషనరీ క్లౌ దొరగారి పేరు చెబితే మాకు ఒళ్లు పులకరిస్తుంది. 1878 జులై 3న ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మాలు! ఆ అంకెను ప్రతి సభలో చెబుతాం. అంతకుముందు వచ్చిన కరువులో ఆయన బకింగ్‌హాం కాలువ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకు కూలి ఇప్పించాడు. కూటికోసం మతంలోకి వస్తారేమోనని, సాయం చేసినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశాడు కూడా. కాంట్రాక్టు తీసుకున్నాడంటే మనవాడే అనుకున్నాను గానీ, అందులో ఏం మిగిల్చుకున్నాడో ఎక్కడా రాసిలేదు.

మా గుడిలో ప్రతి ఫ్యానుకూ దాత పేరుంది. రెక్క మీద రాయిస్తే తిరిగేటప్పుడు కనబడడం లేదని నాది మధ్య గిన్నె మీద రాయించాను. లూకా 16లో మాత్రం వాకిట్లో కురుపులతో పడి ఉన్నవాడికి లాజరని పేరుంది, రోజూ విందులు చేసుకున్న ధనవంతుడికి పేరే లేదు. రాసినవాళ్లు దాతల జాబితా చూసినట్టు లేదు.

మొన్న కోతపండుగ వేలంపాటలో ఒక ముసలమ్మ తెచ్చిన గుమ్మడికాయను 11,000 రూపాయలకు పాడాను. చప్పట్లు కొట్టారు, ఫోటో తీశారు. ఆ డబ్బు వాకిట్లో గ్రానైటు రాయికి వెళ్తుంది. అందరూ వెళ్లాక ఆవిడ కారు దగ్గరికి వచ్చింది. "బాబుగారూ, పాదుకి కాసింది అదొక్కటే. మీరెటూ అంత కాయ తినలేరు కదా, ఒక ముక్క కోసిస్తారా, ఇంట్లో కూరకి ఏమీ లేదు" అంది.

నాకు వెంటనే బైబిల్లో యాకోబు రాసిన పత్రికలోని మాట గుర్తుకొచ్చింది. "సమాధానంతో వెళ్లమ్మా, తృప్తి పొందు" అని నిండు మనసుతో దీవించాను. ఆ వచనం అక్కడితో అయిపోలేదనుకుంటాను, తీసి చూడాలి. ఈలోగా డ్రైవరు గుమ్మడికాయను డిక్కీలో పెట్టేశాడు.