330 రోజుల దీక్ష

ఆరోగ్య బీమా లేనివారికి జరిమానా వేసే విషయంలో కాలిఫోర్నియా రాష్ట్రం చూపిన శ్రద్ధను మన తెలుగువారు తగినంతగా మెచ్చుకోలేదన్నది నా విచారం. వాషింగ్టన్ పెద్దలు దేశమంతటా ఉన్న ఈ జరిమానాను 2019 నుంచి సున్నా చేసి చేతులు దులుపుకోగా, 2020 జనవరి 1 నుంచి కాలిఫోర్నియా ఆ బరువును నెత్తికెత్తుకుంది, అంటే జనం నెత్తికి. 2023 లెక్క ప్రకారం ఏడాదంతా బీమా లేని పెద్దవారికి కనీసం 900 డాలర్లు, పిల్లలకు 450. ఆదాయం బాగా ఉంటే మర్యాద ఇంకా ఎక్కువ.

గ్రీన్ కార్డు మీద కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో కొడుకు దగ్గర ఆరు నెలలు, తెనాలిలో ఆరు నెలలు గడిపే ఒక పెద్దాయనను ఊహించుకోండి. తెనాలిలో జ్వరం వస్తే కాలిఫోర్నియా పాలసీ మామూలుగా ఒక్క బిళ్ల కూడా ఇప్పించదు, అయినా ఆ ఆరు నెలలూ ప్రీమియం కట్టడం ఆయన ధర్మం. బీమాలో మూడు నెలల విరామాన్ని ప్రభుత్వం దయతో క్షమిస్తుంది. నాలుగో నెల పడిందా, ముందరి మూడింటి క్షమాపణనూ వెనక్కి తీసుకుంటుంది. కొడుకు తన పన్ను కాగితాల్లో తండ్రిని ఆధారితుడిగా చూపితే జరిమానా కొడుకే కడతాడు కనుక, పితృఋణం తీర్చుకోవడానికి గయ దాకా వెళ్లే ఖర్చూ మిగులుతుంది.

తప్పించుకునే మార్గం లేకపోలేదు. వరుసగా పన్నెండు నెలల్లో 330 పూర్తి రోజులు విదేశంలో ఉంటే చాలు. మన తిథిని సూర్యోదయంతో చూస్తాం. వారి దినం మాత్రం అర్ధరాత్రి నుంచి అర్ధరాత్రి దాకా 24 గంటలు నిండితేనే దినం. పసిఫిక్ మీద ఎగిరిన గంటలు ఏ దేశపు ఖాతాలోనూ పడవు. అందుకే పెద్దాయన వంటింటి గోడ మీది క్యాలెండర్‌లో వర్జ్యం, రాహుకాలం గళ్ల పక్కనే పెన్సిల్‌తో చిన్న చిన్న గీతలు గీస్తూ, అయిదేసి గీతలకొక అడ్డగీత కొడుతున్నారు. మనవడిని చూసుకోవడానికి ఏడాదికి 35 రోజులు మిగిలాయి. పిల్లవాడికి తాత పరిచయం కావడానికి ఇరవై రోజులు పట్టినా, పదిహేను లాభమే.

ఇక్కడే కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. పన్నుల శాఖ ముందు ‘నేను తెనాలిలోనే ఉన్నాను’ అని రుజువు చేసుకున్న మనిషే, శాన్‌ఫ్రాన్సిస్కో విమానాశ్రయంలో అధికారి ముందు ‘నా ఇల్లు ఫ్రీమాంట్‌లోనే’ అని నమ్మించాలి, లేకపోతే గ్రీన్ కార్డుకే ముప్పు. రెండూ నిజాలే, రెండింటికీ కాగితాలున్నాయి. పెద్దాయన వాటిని రెండు సంచుల్లో సర్దుకుని, మూడో సంచిలో ఆవకాయ పెట్టుకుని వరుసలో నిలబడ్డారు. అధికారి ‘ఎన్నాళ్లు బయట ఉన్నారు?’ అని అడగగానే కంగారులో ఆవకాయ సంచి తెరిచారు.