మా అభ్యర్థి విద్యకు వ్యతిరేకి కాదు

అమెరికా ప్రతినిధుల సభకు పోటీ చేస్తున్న మా అభ్యర్థిగారి వెబ్‌సైట్‌లో ‘విద్య’ అని ఒక మీట ఉంది. నొక్కితే మూడు వాక్యాలు కనబడతాయి. ప్రతి బిడ్డకూ నాణ్యమైన చదువు అందాలి. టీచర్లను గౌరవించుకోవాలి. తల్లిదండ్రుల మాటకు విలువ ఉండాలి. పక్కనే ఫోటో. అభ్యర్థిగారు చొక్కా చేతులు మోచేతుల దాకా మడిచి, ఒకటో తరగతి పిల్లల కుర్చీలో ఇరుక్కుని, బొమ్మల పుస్తకం వంక తదేకంగా చూస్తున్నారు.

ఇంతటి సాహసోపేతమైన విధానాన్ని ఎదిరించే దుర్మార్గుడు ఎవరా అని ప్రత్యర్థి వెబ్‌సైట్ కూడా తెరిచాను. అవే మూడు వాక్యాలు. కాకపోతే తల్లిదండ్రులు ముందుకొచ్చి టీచర్లు వెనక్కి వెళ్లారు. కుర్చీ కూడా అదే సైజు. ‘ప్రతి బిడ్డకూ నాసిరకం చదువే గతి’ అని పోటీకి దిగే మొనగాడు పుట్టేదాకా ఈ దేశంలో విద్య మీద అభిప్రాయభేదాలు ఉండవని తేలిపోయింది.

2026 నవంబర్ 3న మొత్తం 435 స్థానాలకూ ఎన్నికలు. మనవాళ్లలో పౌరసత్వం వచ్చినవాళ్లు ఓటేస్తారు. గ్రీన్ కార్డు వాళ్లు చందాలిస్తారు. హెచ్-1బి వాళ్లు ఆ రెండూ కుదరక సలహాలిస్తారు. ముగ్గురూ కలిసి శాలువా కప్పుతారు.

“ఆయనకి ఎడ్యుకేషన్ అంటే ప్రాణమండీ” అన్నారు మా కమ్యూనిటీలో ఒక పెద్దాయన.

“ఏం చేశారండీ ఇంతవరకూ?”

“భలేవారే! మొన్న మన బతుకమ్మకి వచ్చారు కదా.”

ఈ పెద్దాయనే ఇల్లు కొనేటప్పుడు స్కూల్ రేటింగ్ తొమ్మిదా పదా అని ఏజెంట్ ప్రాణం తీశారు. మనవడిని లెక్కల ట్యూషన్‌లో చేర్చే ముందు అక్కడి సారు ఏ కాలేజీలో చదివాడో ఆరా తీశారు. ఆ బడులకు సంబంధించిన చట్టాలు చేసే మనిషి విషయానికొస్తే మాత్రం రెండు పూలు జడలో పెట్టిన ఆడవాళ్ల మధ్య ఫోటో దిగితే చాలు.

సరే, రికార్డులు చూద్దామని కూర్చున్నాను. ఈ దేశంలో దాపరికం లేదు. ఏ బిల్లు ఎవరు పెట్టారో, ఎవరు దానికి కో-స్పాన్సర్‌గా పేరిచ్చారో కాంగ్రెస్, అంటే ఇక్కడి పార్లమెంటు, సైట్‌లో ఉంటుంది. రోల్‌కాల్ ఓట్లు సభ క్లర్కు సైట్‌లో పేరుపేరునా ఉంటాయి. సిట్టింగ్ సభ్యుడైతే పని ఇంకా తేలిక కదా అనుకుంటాం. కానీ చాలా బిల్లులు మూజువాణి ఓటుతో దాటిపోతాయి. ఎవరు ఔనన్నారో ఎవరు కాదన్నారో, అసలు ఎవరు సభలో ఉన్నారో ఆ దేవుడికే తెలియాలి. పోనీ వాళ్ల ఆఫీసు ఉత్తరాలు అడుగుదామా? మన ఆర్టీఐ లాంటి చట్టాన్ని 1966లోనే చేసింది కాంగ్రెస్. చేసి, అది తనకు మాత్రం వర్తించకుండా చూసుకుంది. విద్యాశాఖ రాసిన చీటీలు అడగొచ్చు, ఆ శాఖను నిలదీసే సభ్యుడి చీటీలు అడగకూడదు.

ఈ విషయంలో నాకు కెంటకీ సభ్యుడు థామస్ మాసీ అంటే ఒక రకమైన గౌరవం. 2017లో ఆయన పెట్టిన బిల్లు మొత్తం ఒకే వాక్యం: 2018 డిసెంబర్ 31న కేంద్ర విద్యాశాఖ రద్దవుతుంది. ఆయన మాటతో నాకు పేచీ ఉంది, కానీ ఆయన ఏమన్నాడో అర్థం కావడానికి బొమ్మల పుస్తకం అక్కర్లేదు. మా అభ్యర్థిని ఇదే ప్రశ్న అడిగితే “ఆ శాఖను మరింత సమర్థంగా చూడాలనుకుంటున్నాను” అన్నారు. పాము చావలేదు, కర్రా విరగలేదు. 2025 మార్చిలో ఆ శాఖ మూసివేతకు చర్యలు తీసుకోమని అధ్యక్షుడు ట్రంప్ ఉత్తర్వు ఇచ్చాడు. జులైలో సుప్రీంకోర్టు, కేసు తేలకముందే, ఉద్యోగుల తొలగింపుకు దారి వదిలింది. అంతా అయ్యాక కూడా మా అభ్యర్థికి అందులో సమర్థతే కనిపిస్తోంది.

పైగా ఆయన పాంప్లెట్‌లో ‘లెక్కల సిలబస్‌ను గాడిలో పెడతాం’ అని ఒక హామీ. 1979లో ఆ శాఖను పుట్టించిన చట్టంలోనే సిలబస్ జోలికి పోకూడదని రాసి ఉంది. బడుల ఖర్చులో కేంద్రం వాటా మామూలు ఏళ్లలో పదో వంతుకు అటూఇటూ. మిగతాదంతా రాష్ట్రం, ఊళ్లో ఇంటి పన్ను. చేతిలో లేని పనికి హామీ ఇవ్వడంలో ఒక సుఖం ఉంది, చేయలేదని అడిగేవాడు ఉండడు.

చందాల రికార్డుల గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు, ఎందుకంటే మనవాళ్లు చదివే రికార్డు అదొక్కటే. ఎన్నికల కమిషన్ సైట్‌లో 200 డాలర్లు దాటిన ప్రతి చందాదారుడి పేరు, ఊరు, ఉద్యోగం, పనిచేసే కంపెనీ ఉంటాయి. అభ్యర్థి ఎవరి డబ్బుతో నిలబడ్డాడో తెలుసుకోవడానికి పెట్టిన ఏర్పాటు అది. మా కమ్యూనిటీలో దాన్ని ఎదురింటి డాక్టరుగారు ఎంతిచ్చారో చూడటానికి వాడుతున్నారు.

ఇక అసలు సరుకు. మా అభ్యర్థిగారు ఇదివరకు ఊళ్లో ప్రభుత్వ బడులను నడిపే స్కూల్ బోర్డులో సభ్యులు. వెబ్‌సైట్‌లో గర్వంగా వేసుకున్నారు. బోర్డు మీటింగుల వీడియోలు, అజెండా కాగితాలు అందరికీ అందుబాటులో ఉన్నాయి. చూసినవాళ్ల సంఖ్య వీడియో కిందే ఉంటుంది. అందులో సగం నేనే అయ్యుంటాను.

ఒక మీటింగు సంగతి చెప్తాను. ఫుట్‌బాల్ మైదానంలో ప్లాస్టిక్ గడ్డి మార్చాలా వద్దా అన్నది ఆ రాత్రి ధర్మసందేహం. మాట్లాడదలచుకున్న ప్రజలకు మనిషికి మూడు నిమిషాలు. ఎదురుగా టైమరు. ఒక తండ్రి లేచి గడ్డి ముక్క ఒకటి జిప్ కవరులో తెచ్చి మైకు ముందు ఊపాడు. ఇంకొకాయన ఎండలో ఆ గడ్డి ఎంత వేడెక్కుతుందో థర్మామీటరు ఫోటోలతో చూపించాడు. ఒకావిడ పాత గడ్డి మీదే తన కొడుకు రాష్ట్రస్థాయికి వెళ్లాడని కళ్లు తుడుచుకుంది. టైమరు కూసింది. ఆవిడ ఆగలేదు. చైర్మన్ గారు “మేడం, మేడం” అంటున్నారు. అప్పుడు మన అభ్యర్థి మైకు అందుకున్నారు. గడ్డి పోచ ఎత్తు గురించి, దాని కింద పోసే రబ్బరు రవ్వ గురించి, పిల్లల మోకాళ్ల గురించి, తన చిన్ననాటి మోకాలి గురించి మాట్లాడారు. ఆయన గొంతు కూడా వణికింది. ఆ మనిషికి విధానాల మీద లోతైన అవగాహన ఉందని నాకు మొదటిసారి నమ్మకం కలిగింది. చివరికి గడ్డి మీద నిర్ణయం వచ్చే నెలకు వాయిదా పడింది.

తర్వాత కన్సెంట్ అజెండా. చర్చ అక్కర్లేదనుకున్న అంశాలన్నీ ఒకే మూటగా కట్టి ఒకే ఓటుతో దాటించేస్తారు. “ఎవరైనా ఏదైనా విడిగా చర్చించాలా?” ఎవరూ లేరు. ఒకరు ప్రతిపాదించారు, మన అభ్యర్థి బలపరిచారు, అందరూ ఔనన్నారు. నీళ్ల సీసా మూత తీసి పెట్టేలోపు అయిపోయింది. మినిట్స్‌లో ఒకటే లైను: ఏకగ్రీవంగా ఆమోదం. ఆ మూటలో ఏముందో తెలియాలంటే వందల పేజీల ఫైలు దించుకోవాలి. సగం పేజీలు అడ్డంగా స్కాన్ చేసినవి, కంప్యూటర్‌లో వెతికితే దొరకవు, మెడ వంచి చదవాలి. బస్సుల కాంట్రాక్టు, ప్రింటర్ల లీజు, పాత బల్లల వేలం, వాటి మధ్యలో ‘సిబ్బంది సర్దుబాటు’. స్పెషల్ ఎడ్యుకేషన్, అంటే వైకల్యం ఉన్న పిల్లల తరగతుల్లో సహాయకుల పోస్టులు తీసేశారు.

ఆ సహాయకురాలు ఏం చేస్తుందో తెలుసా అభ్యర్థిగారూ? మాట రాని పిల్లవాడిని బాత్రూమ్‌కి తీసుకెళ్తుంది. ఫైర్ డ్రిల్ సైరన్ మోగితే చెవులు మూసుకుని నేల మీద పడిపోయే పిల్లను ఒళ్లో పట్టుకుంటుంది. మీ గడ్డికి దొరికిన మూడు నిమిషాలు ఆవిడకి దొరకలేదు. మీ గొంతు వణకలేదు.

1975లో ఈ పిల్లల చదువు కోసం చట్టం చేసినప్పుడు కాంగ్రెస్ ఒక మాట ఇచ్చింది. దేశంలో ఒక విద్యార్థికి సగటున అయ్యే ఖర్చులో 40 శాతం దాకా, ఇలాంటి ఒక్కో పిల్లవాడికి, కేంద్రం ఇస్తుందని. యాభై ఏళ్లయింది. ఒక్క ఏడాది కూడా 40 ఇవ్వలేదు. ఈమధ్య 15 కూడా దాటడం లేదు. పూర్తిగా ఇచ్చేద్దామనే బిల్లు ఏళ్ల తరబడి మళ్లీ మళ్లీ వస్తూనే ఉంది, రెండు పార్టీల వాళ్లూ దాని మీద పేర్లు పెట్టి ఊళ్లో చెప్పుకుంటూనే ఉన్నారు, అది అక్కడే పడి ఉంటోంది. పేరు పెట్టడానికి పైసా ఖర్చు లేదు కదా. ఆ కొరతను పూడ్చలేక ఊళ్లో బోర్డు సహాయకులను తీసేస్తుంది. తీసేయమని చెయ్యెత్తినాయన కాంగ్రెస్‌కి పోటీ చేస్తూ బొమ్మల పుస్తకం చూస్తాడు. సిగ్గుండాలి.

మనకి కూడా. ఇలాంటి పిల్లలు మన ఇళ్లలో లేరా? ఉన్నారు. ఫంక్షన్లకి తీసుకురాం, అంతే. అలాంటి పిల్లవాడికి బడిలో ఏ సాయం అందాలో రాసుకునే ఐఈపీ మీటింగులో బల్లకి అటుపక్క స్కూల్ డిస్ట్రిక్ట్ వాళ్లు వరసగా కూర్చుంటే ఇటుపక్క ఆ తల్లి ఒక్కతే కూర్చుని తన ఇంగ్లీషు సరిపోతుందో లేదోనని భయపడుతూ సంతకం పెట్టొస్తుంది. ఆవిడ పక్కన కూర్చోవడానికి మనలో ఒక్కరు లేరు. శాలువా పట్టుకోవడానికి మాత్రం రెండు వైపులా మనిషి ఉన్నాడు.

నిన్న అభ్యర్థిగారి ఆఫీసుకి మెయిల్ పెట్టాను. గెలిస్తే ఆ 40 శాతం కోసం ఏం చేస్తారు, ఆ రోజు సహాయకుల పోస్టులు ఎందుకు తీసేశారు అని రెండే ప్రశ్నలు. జవాబు కాఫీ చల్లారేలోపే వచ్చింది. విద్య పట్ల మీకున్న శ్రద్ధకు ధన్యవాదాలు, ఈ అర్ధరాత్రికి గడువు ముగుస్తోంది, మీ వంతుగా కింది మొత్తాల్లో ఒకటి ఎంచుకోండి అన్నారు. 25, 50, 100, 3,500 డాలర్లు ఉన్నాయి. 40 లేదు.