అన్నీ మంగళవారాలే

విశాఖపట్నంలో సెలూనుకి వారానికి ఒకటే సెలవు, మంగళవారం. మిగతా ఆరు రోజులూ పొద్దున్నే తాళం తీసి, దేవుడి పటానికి అగరొత్తి గుచ్చి, మొదటి బేరం గెడ్డమా కటింగా అని వీధివైపు చూడడమే. 2020 మార్చి 25 నుంచి, కరోనా లాక్‌డౌన్ పేరుతో, ప్రభుత్వం వారు ఈ వృత్తి మీద ప్రత్యేకమైన దయ చూపించి, వారంలో ఏడు రోజుల్నీ మంగళవారాలు చేసేశారు. అద్దె మాత్రం పాత క్యాలెండరు ప్రకారమే నడిచింది.

ఆ దయకి శాస్త్రీయమైన పునాది కూడా ఉంది. ఏప్రిల్ 24 రాత్రి కేంద్ర హోంశాఖ కొన్ని రకాల దుకాణాలు తెరవొచ్చని ఉత్తర్వు ఇచ్చింది. మర్నాడే వివరణ వచ్చింది: ఆ ఉత్తర్వు సరుకులమ్మే దుకాణాలకే, క్షవరశాలలు చేసేది సేవ, కాబట్టి తెరవకూడదు. గొప్ప విశ్లేషణ. ట్రేడ్ లైసెన్సు డబ్బు కట్టేటప్పుడు అది దుకాణమే, కరెంటు బిల్లులో అది వాణిజ్యమే, కత్తెర పట్టే వేళకి మాత్రం సేవ అయిపోతుంది. మే 4న రాష్ట్రంలో మద్యం షాపుల షట్టర్లు లేచాయి. అక్కడ సీసా చేతికిస్తారు కనక అది నిక్కమైన దుకాణం. మొదట 25 శాతం, మర్నాడు ఇంకో 50 శాతం ధర పెంచినా క్యూ పలచబడలేదు. ఈ తర్కం ముందే తెలిసుంటే సెలూను యజమాని కటింగ్ మానేసి, నేలమీది జుట్టు పొట్లాలు కట్టి అమ్ముకునేవాడు.

సరే, తెరుచుకోవచ్చన్నారు. మనిషికీ మనిషికీ మధ్య ఆరడుగులన్నారు. అల్లిపురంలోనో కంచరపాలెంలోనో మామూలు సెలూను పదడుగుల వెడల్పు, పన్నెండడుగుల పొడవు. అందులో మూడు కుర్చీలు. మధ్య కుర్చీకి తాడు కట్టేస్తే కుర్చీకీ కుర్చీకీ ఆరడుగులు వచ్చాయి, నిబంధన నెగ్గింది. కత్తెరకీ చెవికీ మధ్య ఉన్న ఆరంగుళాల గురించి మాత్రం ఎవరూ నోరెత్తలేదు. ఆరడుగుల పిడి ఉన్న కత్తెర పూర్ణా మార్కెట్‌లో కూడా దొరకదు. పేపర్లు, సినిమా పత్రికలు తీసేశారు, బెంచీ వీధిలో పెట్టారు. తల మర్దన రద్దు. ఏసీ వద్దు, గాలి ఆడాలి అన్నారు. వెనక కిటికీ లేని గదిలో గాలి ఆడాలంటే ఫ్యాను వెయ్యాలి, ఫ్యాను వేస్తే తెగిన జుట్టు లేచి పక్కవాడి కళ్లలో పడుతుంది. ఫ్యాను ఆపితే, మే నెల సముద్రపు ఉక్కలో మెడమీద చల్లిన పౌడరు పిండి ముద్దవుతుంది. వెనక గోడకి పైన ఒక ఎగ్జాస్ట్ పెట్టి, ముందు తలుపు తెరిచి ఉంచడం ఒక్కటే కాస్త పనిచేసిన ఉపాయం. దాని ఖర్చు అద్దెకున్నవాడిది, గోడ ఇంటివాడిది.

తర్వాత రసాయన శాస్త్రం. క్రిముల్ని చంపడానికి ఒక శాతం సోడియం హైపోక్లోరైట్ ద్రావణం గానీ, అంతే బలమున్న బ్లీచింగ్ పౌడరు నీళ్లు గానీ కలపాలన్నారు. 70 శాతం క్లోరిన్ ఉన్న పొడి అయితే లీటరు నీళ్లకి 14 గ్రాములు. సాధారణంగా దొరికే 30 శాతం బ్లీచింగ్ పౌడరు అయితే దాదాపు 33 గ్రాములు. సంచి మూతి తెరిచి ఉంచితే తేమకి పొడి బలం చచ్చిపోతుంది, వాసన మాత్రం మిగులుతుంది. వాసన వస్తోంది కదా అని పాత పొడి నమ్ముకున్నవాడు చేసింది శుద్ధి కాదు, అభిషేకం. ఏ రోజుది ఆ రోజే కలపాలి, అడుగున తెల్లమడ్డి దిగేదాకా ఆగి పైన తేటే వాడాలి. లేకపోతే అద్దాలకీ రెగ్జిన్‌కీ సున్నం వేసినట్టు చారలు పడతాయి. తుడిచాక పది నిమిషాలు తడిగా వదిలెయ్యాలి. కుర్చీ చేతులు, తలుపు పిడి, నేల వరకే ఈ నీళ్లు.

కత్తెర ఇందులో ముంచకూడదు. క్లోరిన్ ఉక్కుని తినేస్తుంది, అంచు మీద సూదిమొనంత గుంటలు పడతాయి. అప్పుడు కత్తెర జుట్టుని కొయ్యదు, నములుతుంది, కస్టమరు లేచి నిలబడతాడు. అసలే ఈ ఊళ్లో ఉప్పుగాలికి ఇనుము ఊరికే తుప్పు పడుతుంది. కాబట్టి కత్తెరని సబ్బునీళ్లతో కడిగి, ఆరబెట్టి, 70 శాతం స్పిరిట్‌లో పది నిమిషాలు ఉంచి, మళ్లీ ఆరాక స్క్రూ దగ్గర ఒక చుక్క నూనె వెయ్యాలి. ఆ పది నిమిషాలూ చేతిలో ఇంకో కత్తెర ఉండాలి కదా. అంటే ప్రతి కుర్చీకీ రెండు జతల కత్తెరలు, రెండు జతల దువ్వెనలు. ట్రిమ్మరు సంగతి ఇంకా సున్నితం: ప్లగ్గు పీకాలి, బ్రష్షుతో జుట్టు రాల్చాలి, అప్పుడే స్పిరిట్ కొట్టాలి. నడుస్తున్న మోటారు మీద కొడితే నిప్పు అంటుకునే ప్రమాదం ఉంది. స్పిరిట్ క్రిమితో పాటు నూనెని కూడా కడిగేస్తుంది, నూనె లేని బ్లేడు రెండు నిమిషాల్లో వేడెక్కుతుంది. చెవి వెనక చురుక్కుమంటే కస్టమరు అరిచేది బ్లేడు మీద కాదు, మంగలి మీద. రెండు చుక్కల నూనె మరవకూడదు.

కత్తెరలు, దువ్వెనలు శుద్ధి చెయ్యడానికి పెట్టే, నీలం లైటు వెలిగే యూవీ (అతినీలలోహిత కాంతి) పెట్టె గురించి కూడా చెప్పాలి. కాంతి పడిన చోటే అది పనిచేస్తుంది. మూసిన కత్తెర లోపలి అంచుకీ, జుట్టు ఇరుక్కున్న దువ్వెన పళ్లకీ కాంతి తగలదు. అయినా ఆ రోజుల్లో పెట్టె ఉండాల్సిందే. వైరస్ మీద సంగతి ఎలా ఉన్నా, కస్టమరు భయం మీద అది అమోఘంగా పనిచేసింది.

గుమ్మం దగ్గర జ్వరం చూసే తుపాకి ఉండేది. జగదాంబ జంక్షన్ నుంచి మిట్టమధ్యాహ్నం ఎండలో నడిచొచ్చినవాడి నుదురు జ్వరం చూపిస్తుంది, చెమటతో తడిసిన నుదురు తక్కువ చూపిస్తుంది. నుదురు తుడిచి, నీడలో ఐదు నిమిషాలు కూర్చోబెట్టి చూడాలి. వచ్చినవాళ్లందరికీ 93 డిగ్రీలే చూపిస్తోందంటే ఊరంతా చల్లబడిందని కాదు, తుపాకి వస్తువుల వేడి కొలిచే మోడ్‌లో ఉందని.

ఇక అసలు పరీక్ష మాస్కు. కస్టమరు మాస్కు తియ్యకూడదన్నారు, అతని జుట్టు మాత్రం చెవిచుట్టూ తియ్యాలి. మాస్కు తాడు ఉండేదీ సరిగ్గా అక్కడే. వెనకా నడినెత్తీ ముందు కానిచ్చి, చెవి దగ్గరకొచ్చేసరికి ఆ పక్క తాడు తీయించి, మాస్కుని రెండు వేళ్లతో చెంపకి అదిమిపట్టుకోమనాలి. చెయ్యి ఏప్రాన్ బయటికొస్తుంది, చొక్కా చేతిలోకి జుట్టు దూరుతుంది. టేపు అంటిస్తే చెమటకి ఊడుతుంది. తొందరపడితే కత్తెర తాడునే కత్తిరిస్తుంది, అందుకని సొరుగులో విడి మాస్కులుండాలి. గెడ్డానికి ఈ విద్యలేవీ పనికిరావు.

"ఏటి బాబాయ్, మాస్కు మీంచే గీసెత్తావేటి?" అని అడిగినవాడికి జవాబు ఏ ఉత్తర్వులోనూ లేదు. బ్లేడు మాత్రం అతని కళ్లెదుటే కాగితం విప్పి తీయాలి. ఇదివరకు ఒక బ్లేడుని రెండుగా విరిచి ఇద్దరికి వాడేవారు. కరోనా వచ్చాక రెండో సగం చూడగానే "ఇది ఎవరిది?" అనేవారు. కొత్తదేనని ఒట్టు పెట్టినా నమ్మేవారు కాదు. వాడిన బ్లేడ్లు చెత్త కవరులో వెయ్యకుండా రేకు డబ్బాలో వేస్తే జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ) పారిశుద్ధ్య కార్మికుల వేళ్లు బతుకుతాయి.

కరోనా రెండో విడతలో, 2021 మే 5 నుంచి, రాష్ట్రం ఇంకో మెట్టెక్కింది. పొద్దున్న 6 నుంచి మధ్యాహ్నం 12 వరకే షాపులు, తర్వాత కర్ఫ్యూ. కటింగుకి 20 నిమిషాలు, శుద్ధికి 15. ఆరు గంటల్లో కుర్చీకి పది తలలు, రెండు కుర్చీలకి ఇరవై. ఇది కాగితం లెక్క. పొద్దున్న ఆరింటికి కటింగుకొచ్చే మహానుభావుడు ఈ ఊళ్లో ఇంకా పుట్టలేదు, అందరికీ జుట్టు గుర్తొచ్చేది 11:40కి. పన్నెండు కొట్టేసరికి కుడివైపు అయి ఎడమవైపు మిగిలిన తలతో కస్టమరు బయటికెళ్తే పోలీసుకి ఏం చెప్పుకుంటాడు? అందుకే 11:25 తర్వాత కొత్త తల ముట్టుకోకూడదన్నది ఏ జీవోలోనూ లేని కచ్చితమైన నిబంధన.

ఈ లోపల ఇళ్లలో ఇంకో పరిశ్రమ మొదలైంది. ఆన్‌లైన్లో ట్రిమ్మరు తెప్పించుకున్న భర్తలు, వీడియో చూసిన భార్యలు. దువ్వెన గార్డు సరిగ్గా నొక్కకపోతే సుడి దగ్గర జారుతుంది, క్షణంలో అక్కడ జీరో పడుతుంది. చెవిపైన రెండు వైపులా రెండు ఎత్తుల్లో గీత. ఇలాంటి తల వచ్చినప్పుడు అనుభవం లేనివాడు గీతని సరిచెయ్యబోయి ఇంకా పైకి తీసుకెళ్తాడు. అలా కాదు. ముందు అన్నిటికన్నా పొట్టి మచ్చ ఎంతుందో చూడాలి. అది ఒకటో నంబరు, అంటే 3 మిల్లీమీటర్లు ఉంటే, కిందంతా ఒకటికి దించి, పైన రెండు, ఆ పైన మూడు వేసుకుంటూ గీతని చెరపాలి. జుట్టు నెలకి సెంటీమీటరు, మహా అయితే ఇంకాస్త పెరుగుతుంది. కాబట్టి ఆ మచ్చ పూడడానికి నెల పడుతుందని ముందే చెప్పెయ్యాలి. జీరో పడినవాడికి మాత్రం సింహాచలం మొక్కు గుర్తుచెయ్యడమే వైద్యం. రంగేసుకునే పెద్దమనుషుల సంగతి ఇంకో రకం. రెండు నెలలు సెలూను మూతపడేసరికి వాళ్ల పాపిడి పక్కన అసలు వయసు నెలకో సెంటీమీటరు చొప్పున ప్రజలకి వెల్లడైంది.

ఆదుకోలేదని ఎవరూ అనకూడదు. 2020 జూన్ 10న జగనన్న చేదోడు అనే రాష్ట్ర ప్రభుత్వ పథకం కింద షాపున్న నాయీబ్రాహ్మణుల ఖాతాల్లో 10 వేలు పడ్డాయి. పడ్డ మాట నిజం. పాత అద్దె బాకీ వాటిని పలకరించిన మాటా నిజం. బ్యాంకు అప్పుల వాయిదాలకి రిజర్వు బ్యాంకు ఆగస్టు 31 దాకా మారటోరియం, అంటే కట్టడం ఆపుకునే వెసులుబాటు, ఇప్పించింది, వడ్డీ మాత్రం పెరుగుతూనే వచ్చింది. రోజూ సాయంత్రం వచ్చే డైలీ ఫైనాన్స్ కుర్రాడికి రిజర్వు బ్యాంకు ఎవరో తెలియదు. కుర్చీ మీద పనిచేసేవాడికి వసూళ్లలో సగం వాటా, ఆనవాయితీ. ఏప్రాన్లు, స్పిరిట్, మాస్కులు మాత్రం పూర్తిగా యజమాని వాటా, అదీ ఆనవాయితీయే, ఆ ఏడాదే పుట్టింది.

అందుకని రేటు పెంచాల్సొచ్చింది. బోర్డు మీద "శానిటైజేషన్ చార్జీ 30" అని విడిగా రాస్తే ప్రతి తలకీ పది నిమిషాల వాదన. అవే 30 రూపాయలు కటింగు రేటులో కలిపి రాస్తే అడిగేవాడు లేడు. ఇంట్లో చెడిన తలల రిపేరు రేటు మాత్రం అసలు బోర్డెక్కించకూడదు. ముందు టోపీ తియ్యమనాలి, తర్వాత చెప్పాలి.