జుయ్యిమనే బల్బు
సాయంత్రం 7 మెగాహెర్ట్జ్ మీద హామ్ రేడియో (సరదాకి దూరంవాళ్ళతో మాట్లాడుకునే రేడియో) పెడితే గొంతులు లేవు, బుర్ర తినే జుయ్యిమనే మోతే. సిగ్నల్ బలం చూపే మీటరు ఎస్9 దగ్గర, అంటే బాగా గట్టి సిగ్నల్ గుర్తు దగ్గర, అతుక్కుపోయింది. మోత మా ఇంట్లోదేమోనని కరెంటు మెయిన్ ఆపేసి బ్యాటరీ మీద విన్నా తగ్గలేదు (మా ఆవిడ సీరియల్ మాత్రం ఆగింది, ఆ గొడవ వేరు). ట్రాన్సిస్టర్ రేడియో పట్టుకుని దొంగలా వీధంతా తిరిగాను. దాని లోపల యాంటెన్నాగా ఉండే ఫెర్రైట్ కడ్డీ కొన మోత వచ్చే వైపు తిరిగితే శబ్దం పడిపోతుంది, అదే గుర్తు. మూడు రోజులకి దొరికింది: పక్కింటి వరండాలో చవక ఎల్‌ఈడీ బల్బు. అందులో ఈ మోతని ఆపే ఫిల్టర్ పెట్టడానికి తయారుచేసినవాడికి చేతులు రాలేదు. "బాగానే వెలుగుతోందిగా అంకుల్?" అంటాడు పక్కింటి కుర్రాడు. వెలుగుతోంది నాయనా, అదే నా ఖర్మ. కొత్త బల్బు నేనే కొనిచ్చాను. ఇవాళ పై అంతస్తు నుంచి ఇంకో మోత మొదలైంది.