బ్యాటరీ తీయకుండా బ్లేడు మార్చమంటున్న ఆ సందేశానికి జవాబు

ఈ సందేశం నాకు రావడం సంక్రాంతి తరువాత ఇది ఆరోసారి. మొదట మా బాబాయి పంపారు. తరువాత అపార్ట్‌మెంటు గ్రూపులో వచ్చింది. నిన్న రాత్రి, నా దగ్గర పనిముట్లు బాగుచేయించుకునే ఒక ప్లంబరు "అన్నా, ఇది నిజమేనా?" అని అడుగుతూ పంపాడు. "రెసిప్రొకేటింగ్ రంపానికి ఏడు బంగారు సూత్రాలు" అని దానికి పేరు. పొడవాటి బ్లేడును ముందుకూ వెనక్కూ వేగంగా ఆడించి చెక్కనూ ఇనుమునూ కోసే చేతి యంత్రం అది. నిజమా అని అడిగినవాడు అతనొక్కడే. మిగతావాళ్లు చదవకుండానే ముందుకు తోసేశారు. ఇరవై ఏళ్లుగా కరెంటు పనిముట్లు విప్పి బిగించడమే నా పని, అందుకే ఇక ఊరుకోలేక రాస్తున్నాను.

"ఇది కొత్తగా వచ్చిన యంత్రం, దీనికింకా నియమాలు లేవు" అన్నది మొదటి సూత్రం. అమెరికాలో మిల్వాకీ సంస్థ సాజాల్ పేరుతో ఈ రంపాన్ని తెచ్చింది 1951లో. నియమాలు పెట్టెలోని పుస్తకంలో ఉంటాయి. "పళ్లు ఎప్పుడూ కిందికే ఉండాలి" అన్నది రెండోది. అక్కర్లేదు. నేలకో గోడకో ఆనించి కోయాల్సివస్తే బ్లేడును తిరగేసి బిగిస్తారు, చాలా రంపాల్లో బిగింపు అందుకు వీలుగానే ఉంటుంది.

మూడోదాని దగ్గరే నా ఓపిక పోయింది. ఉన్నదున్నట్టు రాస్తున్నాను: "బ్యాటరీ రంపం షాకు కొట్టదు కనుక బ్లేడు మార్చేటప్పుడు బ్యాటరీ తీయనవసరం లేదు. ట్రిగ్గరు మీద వేలు లేకుండా చూసుకుంటే చాలు. సమయం ఆదా అవుతుంది."

షాకు కొడుతుందని బ్యాటరీ తీయమన్నది ఎవరు? తీయమనేది వేళ్లు తెగుతాయని. బ్లేడు మార్చేటప్పుడు చేతులు ఎక్కడెక్కడ ఉంటాయో ఒకసారి గుర్తుచేసుకోండి. ఒక చేతి వేళ్లు ముందున్న కాలరును, అంటే బ్లేడును పట్టి ఉంచే బిగింపు ఉంగరాన్ని, తిప్పి బ్లేడు దగ్గరే ఉంటాయి. కాలరు లోపలి స్ప్రింగు వెనక్కి తిరగాలని చూస్తుంటుంది. రంపమేమో బరువైనది. అది జారబోతే రెండో చెయ్యి తనంతట తానే పిడిని గట్టిగా పట్టుకుంటుంది. ట్రిగ్గరు ఉన్నది ఆ పిడిలోనే! వేలు తగలకుండా చూసుకోవడం రంపం జారనంతసేపే మన చేతిలో ఉంటుంది. పూర్తి వేగంలో ఇది నిమిషానికి సుమారు 3000 సార్లు ఆడుతుంది, అంటే సెకనుకు 50. చెయ్యి వెనక్కి తీసుకునేలోపు ఆ పళ్లు వేలి మీద ఎన్నిసార్లు నడుస్తాయో లెక్క వేసుకోండి.

నా దుకాణంలో పని నేర్చుకోవడానికి వచ్చిన ఒక కుర్రవాడికి జరిగింది ఇదే. పచ్చి వేపకొమ్మలు కోసిన రంపం అది. జిగురూ పొట్టూ కలిసి గడ్డకట్టి బ్లేడు కాలరులో ఇరుక్కుపోయింది. రంపాన్ని తొడల మధ్య నొక్కిపెట్టి లాగాడు. తొడ ట్రిగ్గరుకు తగిలింది. అతని చూపుడువేలు ఇప్పటికీ పూర్తిగా ముడుచుకోదు. బ్యాటరీ తీయమని ఆ ఉదయం నేను అతనికి చెప్పలేదు. తెలిసే ఉంటుందనుకున్నాను. ఆ సందేశం వచ్చిన ప్రతిసారీ నాకు కనిపించేది ఆ వేలే.

బ్యాటరీ తీయడానికి రెండు సెకన్లు పడుతుంది. ఆ రెండు సెకన్లు మిగుల్చుకుని ఏం చేసుకుంటారు? ట్రిగ్గరు నొక్కుకోకుండా ఆపే లాకు ఉంది కదా అంటారేమో. మోసుకెళ్లేటప్పుడు అది మంచిదే, కానీ పిడి పట్టుకున్న చెయ్యే దాన్ని పొరపాటున పక్కకు నెట్టేయగలదు. వైరున్న రంపమైతే స్విచ్చి ఆపి ఊరుకోకండి, ప్లగ్గు పీకి కళ్లెదుట పెట్టుకోండి. పని జరిగే చోట ఒకే బోర్డుకు నాలుగు ప్లగ్గులుంటాయి, గ్రైండరు కావలసినవాడు మీ స్విచ్చి నొక్కుతాడు. కొన్ని రంపాలకు ట్రిగ్గరును నొక్కి ఉంచే బొత్తాం కూడా ఉంటుంది. అది నొక్కి ఉండగా కరెంటు పోయిందనుకోండి, ఈలోగా బ్లేడు మార్చేద్దామని కూర్చుంటే కరెంటు తిరిగొచ్చిన క్షణంలో ఏమవుతుంది?

కాలరు ఇరుక్కోకుండా ఉండాలంటే పని అయ్యాక, బ్యాటరీ తీసి, బ్రష్షుతో పొట్టు దులిపి, పలుచని నూనె రెండు చుక్కలు వేసి నాలుగుసార్లు తిప్పండి. బ్లేడు పెట్టాక ఒకసారి లాగి చూడండి, ఊడివస్తే సరిగ్గా పడలేదని. ఇనుము కోసిన బ్లేడు ఆగిన వెంటనే చెయ్యి కాలుస్తుంది, చల్లారనివ్వండి.

నాలుగోది, "పన్నెండు అంగుళాల బ్లేడు ఒకటి కొంటే అన్నిటికీ సరిపోతుంది". సరిపోదు. అవసరానికి మించిన పొడవుంటే కొస అల్లాడి వంగుతుంది. మరీ పొట్టిదైతే కొస పైపు లోపలి గోడకు గుద్దుకుని రంపం చేతిలో ఎగురుతుంది. కోసే వస్తువు మందానికి మించి రెండు మూడు అంగుళాలుంటే చాలు. అసలు చూడవలసింది పళ్ల లెక్క. అంగుళానికి ఆరు పళ్లుండే చెక్క బ్లేడులో పంటికీ పంటికీ మధ్య నాలుగు మిల్లీమీటర్ల పైన ఖాళీ. రెండు మిల్లీమీటర్ల మందమున్న జీఐ పైపు అంచు ఆ ఖాళీలో పడి పన్ను ఊడగొడుతుంది. పలుచని ఇనుముకు అంగుళానికి 18 నుంచి 24 పళ్లది తీసుకోండి.

"బ్లేడు దొరక్కపోతే హ్యాక్‌సా బ్లేడు ముక్కను అరగదీసి బిగించండి" అన్నది ఐదోది. వద్దు. హ్యాక్‌సా బ్లేడును ఫ్రేములో రెండు కొసలా లాగి బిగిస్తారు కాబట్టి నిలబడుతుంది. కొన్నిటిని నిలువెల్లా గట్టిపరచి ఉంటారు, అవి పెళుసు. ఒక కొస వదిలేసి ఈ వేగంతో ఆడిస్తే విరిగి ముక్కలు ముఖం మీదికి వస్తాయి.

ఆరోది, "వంగిన బ్లేడును పారేయకండి, సాపుచేసి వాడండి". ఇదీ అలాంటిదే అనుకుని కొట్టిపారేయబోయాను. కానీ ఇది నిజం. బైమెటల్ బ్లేడులో పళ్లకు గట్టి హైస్పీడ్ స్టీలు, ఒంటికి వంగే స్ప్రింగు స్టీలు వాడతారు. రంపం నుంచి తీసి, చెక్క మీద పెట్టి సుత్తితో మెల్లగా తట్టి, పళ్ల మొదట్లో పగులు లేదని చూసుకుని నేనూ వాడుతుంటాను. దానికి తోడు సందేశంలో లేనిది ఒకటి నేను చెబుతాను. ఈ రంపం ముందుకూ వెనక్కూ కదిలేది సుమారు 30 మిల్లీమీటర్లే, కాబట్టి ఎప్పుడూ అవే కొన్ని పళ్లు అరుగుతాయి. మీ రంపానికి జరిపే షూ (కోసే వస్తువుకు ఆనించే ముందరి ఇనుప పట్టీ) ఉంటే దాన్ని కాస్త ముందుకు జరపండి, అరగని పళ్లు పనిలోకి వస్తాయి.

చివరిది, "అరిగిన బ్లేడుకు ఆకురాయితో పదునుపెట్టండి, లాభం లేకపోతే చెత్తలో వేయండి". బైమెటల్ పళ్లు ఆకురాయికి లొంగవు, అరిగేది ఆకురాయే. చెత్తలో మాత్రం వేయకండి. ఉదయం ఆ కవరును చేతులతో విప్పి తడీ పొడీ వేరుచేసేది పారిశుద్ధ్య కార్మికురాలు, చాలాసార్లు చేతికి తొడుగు కూడా ఉండదు. బ్లేడును అట్టముక్కలో చుట్టి టేపు వేసి పక్కన ఉంచండి, పాత ఇనుము కొనే అతను వచ్చినప్పుడు లోపల ఏముందో చెప్పి చేతికివ్వండి.