వేదిక దిగాక మొదలైన ఫ్రాంకో ఫెరారా బడి

ఆర్కెస్ట్రాని, అంటే పెద్ద వాద్యబృందాన్ని, చేతి సైగలతో నడిపించే ఇటలీ కండక్టర్లు అనగానే ఆర్తూరో టోస్కనీని, క్లాడియో అబ్బాడో, రికార్డో మూతి గుర్తుకొస్తారు. ఫ్రాంకో ఫెరారా పేరు పాశ్చాత్య సంగీతం లోతుగా చదువుకున్నవాళ్లకు తప్ప పెద్దగా ఎవరికీ తెలియదు. ప్రేక్షకుల ముందు ఆయన ఆర్కెస్ట్రాని నడిపింది సుమారు పదేళ్లే. అయినా యూరప్‌లో కండక్టర్లు ఎలా తయారయ్యారో చెప్పాలంటే ఆయన్ని పక్కన పెట్టడం కుదరదు.

సిసిలీలోని పలెర్మోలో 1911 జులై 4న పుట్టారు ఫెరారా. వయొలిన్, పియానో, ఆర్గన్, స్వరరచన అన్నీ నేర్చారు. ముందు ఆర్కెస్ట్రాల్లో వయొలిన్ వాయించి, 1938లో ఫ్లోరెన్స్‌లో బేటన్ (కండక్టర్ చేతిలో ఉండే పుల్ల) పట్టారు. మంచి పేరు వస్తుండగానే ఆరోగ్యం అడ్డం తిరిగింది. కచేరీ నడుపుతూ నడుపుతూ స్పృహ తప్పి పడిపోయేవారు. 1940ల చివరికి కచేరీలు వదులుకోక తప్పలేదు. అప్పటికి ఆయనకు నలభై కూడా నిండలేదు.

ఈ కథని చాలామంది ఒకే తీరుగా చెబుతారు: పాపం, గొప్ప కండక్టర్ కావాల్సినవాడు, విధి రాత బాగాలేక పాఠాలు చెప్పుకుంటూ బతికాడు అని. ఈ జాలి నాకు నచ్చదు. పాఠం చెప్పడాన్ని రెండో రకం పనిగా చూసే అలవాటు నుంచే అది పుడుతుంది. పైగా అది నిజం కూడా కాదు. ఆయన నడపడం పూర్తిగా మానలేదు. జనం లేని రికార్డింగ్ స్టూడియోలో ఆర్కెస్ట్రా ముందు నిలబడుతూనే ఉన్నారు. ఇటలీ దర్శకుడు విస్కోంటి తీసిన ‘ది లెపర్డ్’ (1963) సినిమాకి స్వరకర్త నీనో రోటా సంగీతాన్ని నడిపింది ఆయనే. అందులోని సుదీర్ఘమైన బాల్‌రూమ్ ఘట్టంలో వినిపించే వాల్ట్‌జ్ (జంటలు ఆడే నృత్యానికి సంగీతం), అప్పటిదాకా అచ్చుకాని, ఒపేరా స్వరకర్త వెర్డీ రచన. దాన్ని రోటా ఆర్కెస్ట్రాకి అమర్చారు. సినిమా చూసిన లక్షల మంది ఫెరారా పనితనాన్ని విన్నారు, పేరు తెలియకుండానే.

రోమ్‌లోని సాంతా చెచీలియా సంగీత విద్యాలయంలో, నెదర్లాండ్స్‌లోని హిల్వర్సమ్‌లో, వేసవుల్లో సియెనాలోని కిజానా అకాడమీలో ఆయన క్లాసులు నడిచాయి. కండక్టింగ్ నేర్పడం ఎంత కష్టమో బయటివాళ్లకు అంత తేలిగ్గా అర్థం కాదు. వయొలిన్ విద్యార్థి ఇంట్లో కూర్చుని రోజుకు ఆరు గంటలు సాధన చేసుకోవచ్చు. కండక్టర్ వాద్యం మనుషులే. అరవై, డెబ్బై మంది ఎదురుగా ఉంటేనే అతని తప్పేంటో తెలుస్తుంది. మన కచేరీలో తాళం గాయకుడి చేతిలోనే ఉంటుంది, గొంతూ అతనిదే. ఇక్కడ చెయ్యి ఒకరిది, ధ్వని ఇంకొకరిది.

బీథోవెన్ ఐదో సింఫనీ మొదలు చూడండి. అందరికీ తెలిసిన ఆ నాలుగు స్వరాలకు ముందు కాగితం మీద చిన్న విరామం ఉంది. అంటే మొదటి దెబ్బ నిశ్శబ్దం మీద పడాలి. చెయ్యి కిందకి దిగాకే తీగవాద్యాలూ క్లారినెట్లూ అందుకుంటాయి. వేగం ఎంత, బరువు ఎంత, ఎక్కడ ఆగాలి అన్నదంతా అంతకు ముందు చెయ్యి పైకి లేచే ఆ క్షణంలోనే తెలిసిపోవాలి. కొత్త విద్యార్థి టెన్షన్‌లో చెయ్యి బిగించేస్తాడు. అప్పుడు మొదటి వయొలిన్లు ఒక రకంగా, వెనక వరసలు ఇంకో రకంగా మొదలుపెడతాయి. గురువు పక్కన నిలబడి భుజంలో బిగువెక్కడుందో, ఊపిరి ఎక్కడ ఆగిందో కనిపెట్టాలి. ఇది పుస్తకంలో చదివితే వచ్చేది కాదు. ఏళ్లతరబడి ఆర్కెస్ట్రాలో కూర్చుని కండక్టర్ల చేతుల్ని కింద నుంచి చూసిన వయొలినిస్టుకి అది పట్టుబడినట్టు, నేరుగా వేదిక ఎక్కినవాళ్లకు పట్టుబడదని నా అభిప్రాయం.

ఫెరారా గొప్పదనానికి నాకు కనిపించే అసలు రుజువు, ఆయన శిష్యులు ఒకరి పోలికలో ఒకరు లేకపోవడం. రికార్డో షాయీ ఆమ్‌స్టర్‌డామ్‌లో, లైప్‌జిగ్‌లో ఆర్కెస్ట్రాలు నడిపి, తర్వాత మిలాన్‌లోని ఒపేరా థియేటర్ లా స్కాలాకు వచ్చారు. ఎలియాహు ఇన్బాల్ ఫ్రాంక్‌ఫర్ట్ రేడియో ఆర్కెస్ట్రాతో స్వరకర్త మాలర్ రచనల్ని, మరో స్వరకర్త బ్రూక్నర్ సింఫనీల తొలి రూపాలనూ రికార్డు చేశారు. ఇంగ్లండ్ నుంచి వచ్చిన ఆండ్రూ డేవిస్ బీబీసీ సింఫనీని పదేళ్లకు పైగా, షికాగో లిరిక్ ఒపేరాని ఇరవై ఏళ్లకు పైగా చూసుకున్నారు. ముగ్గురి అభిరుచులూ వేరు, చేతులూ వేరు. కచేరీల్లో వెలిగిపోతున్న కండక్టరే గురువైతే శిష్యుడికి తెలియకుండానే ఆయన హావభావాలు అంటుకుంటాయి. టోస్కనీని తర్వాత ఎంతమంది ఆయన్ని అనుకరించబోయి నవ్వులపాలయ్యారో సంగీత లోకానికి తెలుసు. ఫెరారా విద్యార్థులకు కాపీ కొట్టడానికి ఆయన కచేరీలే లేవు. ఆయన అనారోగ్యం మంచిదైందని అనడం క్రూరత్వం, ఆ మాట నేను అనను. కానీ ఆ ఖాళీలో శిష్యులకు తమ చెయ్యి తామే వెతుక్కునే చోటు దొరికిందన్నది మాత్రం గట్టిగా చెప్పగలను.

కిజానా అకాడమీకి కండక్టర్లను తయారుచేసే అలవాటు ఫెరారాతోనే మొదలవలేదు. 1956 వేసవిలో అక్కడ కార్లో జెక్కీ క్లాసులో ముంబై కుర్రాడు జుబిన్ మెహతా, క్లాడియో అబ్బాడో, పదమూడేళ్ల డానియెల్ బారెన్‌బాయిమ్ కలిసి చదివారు; ముగ్గురూ తర్వాత పేరున్న కండక్టర్లయ్యారు. ఆ ముగ్గురి గురించి రాసినన్ని పేజీల్లో జెక్కీకి దొరికేది ఒక్క వాక్యమే. ఫెరారాదీ అదే పరిస్థితి. కండక్టర్ల పరిచయాల్లో ‘ఫెరారా వద్ద అభ్యసించారు’ అని ఒక ముక్క ఉంటుంది, వెంటనే అవార్డుల జాబితా మొదలైపోతుంది. ఏ ఆర్కెస్ట్రాకి ఎవరు ఎప్పుడు వచ్చారో తేదీలతో సహా రాసిపెట్టే విమర్శకులు, ఆ చెయ్యి ఎవరు దిద్దారో ఎందుకు రాయరు? ఇది చిన్న లోపం కాదు. చదువు చరిత్ర లేకుండా రాసిన సంగీత చరిత్రలో గొప్పవాళ్లంతా ఎక్కడి నుంచో ఊడిపడినట్టు కనిపిస్తారు.

ఫెరారా 1985 సెప్టెంబర్‌లో ఫ్లోరెన్స్‌లో, తొలిసారి బేటన్ పట్టిన ఊళ్లోనే కన్నుమూశారు. సియెనాలో ఆయన చెప్పిన పాఠాన్ని తర్వాత ఆయన శిష్యుడు జాన్లుయీజీ జెల్మెట్టి ఏళ్లపాటు చెప్పారు. 2016లో ఆ క్లాసు డానియెలే గట్టి అనే కండక్టర్‌కి వచ్చింది.